ఇసుక పొర మీద ఎర్ర చార

నాకు ఈత రాదు. పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుంది. ఎండలో కాసేపు నిలబడితే తలనొప్పి పట్టుకుంటుంది. ఇన్ని అర్హతలు చూసే కాబోలు నాకు సముద్రం మీద ఉద్యోగం ఇచ్చారు.

మాది సిరిసిల్ల వైపు నుంచి సాంచలు, అంటే మరమగ్గాలు, నడపడానికి సూరత్ వచ్చిన కుటుంబం. బాపు లింబాయత్‌లో ఓ లూమ్ ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, వయసంతా గడిపి, ఆ చప్పుడుకి సగం చెవుడు తెచ్చుకున్నాడు. డుమస్ బీచికి పోయినా ప్యాంటు మడిచి, మడమల దాకా తడుపుకుని, ఇక చాలని వెనక్కి వచ్చేసే రకం. అలాంటి ఇంట్లో పుట్టినవాడిని నేను సముద్రం అడుగున బురద పరీక్షిస్తానంటే మా చుట్టాలెవరూ మొదట నమ్మలేదు. నన్ను పడవలో చూసినవాళ్లు ఇప్పటికీ నమ్మరు.

అమ్మ మాత్రం పూర్తిగా నమ్మింది. "మావోడు దరియా కింద ఏం నడుస్తుందో జూస్తడు" అని గల్లీలో అందరికీ చెప్పుకుంది. పక్కింటావిడ ఓరోజు నన్ను ఆపి, రొయ్యలేమన్నా చవగ్గా దొరుకుతాయా అని అడిగింది. నేను గంభీరంగా తల అడ్డంగా ఊపి, "సెడిమెంట్ మానిటరింగ్ ఆంటీ" అన్నాను. ఆవిడ జాలిగా చూసి, బాధపడకు, మంచి నౌకరీ దొరుకుతుందిలే అని ధైర్యం చెప్పి వెళ్లిపోయింది.

ఆ పని ఏమిటో చెబుతాను. సూరత్ ఖాడీల, అంటే ఊరి మధ్య నుంచి సముద్రంలోకి పారే కాలువల సంగతి ఇక్కడ బతికినవాళ్లకు కొత్త కాదు. ఊళ్లో ఏ రంగు అద్దితే మర్నాటికి ఆ కాలువలో అదే రంగు కనిపించేది. కొన్నేళ్ల కిందట అలాంటి ఓ ఖాడీ సముద్రంలో కలిసే చోట పడవలు తిరగడానికని అడుగు తవ్వారు. బయటికి వచ్చిన నల్ల బురదలో రంగులూ రసాయనాలూ కలిసి ఉన్నాయి. దాన్ని ఎవరూ తమ ఊరి పక్కన పోయనివ్వలేదు. చివరికి బార్జీల్లో సముద్రంలోకి తీసుకెళ్లి, అడుగున ఒక పల్లంలో పోసి, దాని మీద మందంగా శుభ్రమైన ఇసుక పరిచారు. ఆ ఇసుక చోటు మారిందా, కిందున్నది దాన్ని దాటుకుని పైకి వస్తోందా అని ఏటా వానలు వెళ్లాక చూడాలి. ఆ కాంట్రాక్టు ఆల్థాన్‌లో రెండో అంతస్తులో ఉన్న మా చిన్న ల్యాబుకు వచ్చింది. అక్కడ నేను పని చేస్తున్నాను.

ఇదంతా ఓ రాత్రి అన్నం తింటూ ఇంట్లో వివరించాను. అర్థం కావాలని, బురద మీద దుప్పటి కప్పినట్టు అని కూడా చెప్పాను.

బాపు ముద్ద ఆపి, "అంటే బురద కడుగలే. మీద దుప్పటి గప్పిండ్రు" అన్నాడు.

"గట్లనే అనుకో బాపు."

"మరి నువ్వేం జేస్తవ్?"

"దుప్పటి జరిగిందా లేదా చూస్తా."

"దుప్పటి జూసుడుకు గింత సదువా?"

బాపుకు చెవుడు ఉన్నా, ఎదుటివాడి గాలి తీసే మాటల దగ్గర మాత్రం అది అడ్డం రాదు. అమ్మ నా పక్షాన నిలబడి, పిల్లగాడు ఎండల తిరుగుతుండు, జర ఊకో అంది. అంటూనే నొసలు గోక్కుంది. అమ్మ నొసట రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు ఉంటుంది. దాని చుట్టూ చర్మం కొన్నేళ్లుగా నల్లబడుతూ వచ్చింది. దురద పెడుతోందని అప్పుడప్పుడూ అనేది. "వేడి చేసింది, మజ్జిగ తాగు" అని నేను ఎప్పుడో తీర్పు చెప్పేశాను. ఇంట్లో సైంటిస్టును నేనే కాబట్టి దాని మీద అప్పీలు లేదు.

ఆ యేడు బాపు ఖాతా పని మానేశాడు. మోకాళ్లు ఇక నిలబడనివ్వలేదు. దసరా దగ్గర పడేకొద్దీ అమ్మ మొహం చిన్నబోతూ వచ్చింది. పెళ్లై సూరత్ వచ్చిన నాటి నుంచీ దసరా రోజు ఖాతాకు పోయి, కడిగి తుడిచిన సాంచలకు పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కోసి, కొబ్బరికాయ కొట్టి రావడం అలవాటు. మన సొంత సాంచ కాకపోయినా, మన చేతులు ఆడిన సాంచ. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పోవాలి?

"ఇంట్ల ఒక్క పనిముట్టు గూడ లేకపాయె. దేనికి బొట్టు పెట్టాలె ఈసారి?" అంది.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ గొప్పలు పోయే అవకాశం వస్తే వదులుకున్న చరిత్ర నాకు లేదు. "నా పనిముట్టు తెస్తా అమ్మా" అన్నాను.

సముద్రం అడుగున దింపే మా యంత్రంలో ఒక పొడుగాటి పారదర్శకమైన గొట్టం ఉంటుంది. అది నిలువుగా ఇసుకలో దిగబడి, లోపల ఉన్నది ఉన్నట్టు పొరలు పొరలుగా పైకి తెస్తుంది. పైకి లాగేటప్పుడు అంతా జారిపోకుండా గొట్టం మూతిలో ఒక ఉక్కు ముక్క బిగిస్తాం. పువ్వు రేకుల్లాంటి పలకలు ఉంటాయి దానికి. ఇసుకను లోపలికి రానిస్తాయి, బయటికి పోనివ్వవు. దాన్ని మేం రేకుల ముక్క అనేవాళ్లం. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, సంచిలో పడుతుంది. అదే తెచ్చాను.

అమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుంది. చింతపండు పెట్టి తోమింది. బియ్యం పోసిన పళ్లెంలో పెట్టి, కుంకుమను నూనెలో కలిపి, ఒక్కో రేకుకు లోపలా బయటా బొట్టు పెట్టింది. బంతిపూలు చుట్టింది. గల్లీలో ఆడవాళ్లు వచ్చి చూసి, ఇది సముద్రంల దిగేదా అని ముట్టుకోకుండా ముట్టుకున్నంత పని చేశారు. బాపు కూడా కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "పని మంచిగున్నది" అన్నాడు. ఇనుప పని గురించి బాపు అంతకంటే పెద్ద మాట ఎప్పుడూ అనలేదు. నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే, ఆ పళ్లెంలో నన్ను కూడా కూర్చోబెట్టి పూజ చేస్తే బావుండుననిపించింది.

మర్నాడు దాన్ని సంచిలో పెట్టుకుంటుంటే అమ్మ ఒక్కటే మాట చెప్పింది. "బొట్టు తుడువకు బిడ్డా. పని మీదనే పోవాలె అది."

సాంచలకూ అంతే. దసరా బొట్టును ఎవరూ గుడ్డ పెట్టి తుడవరు. నడుస్తూ నడుస్తూ అదే అరిగిపోవాలి. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన విషయం. ఇంకో విషయం కూడా నాకు తెలుసు. ప్రతి పరికరాన్నీ సబ్బుతో, ఆమ్లంతో, శుద్ధజలంతో కడగనిదే సముద్రంలో దింపరాదని మా ల్యాబు గోడ మీద ఒక నిబంధన ఉంది. దాన్ని రాసి, ప్లాస్టిక్ పూత వేయించి, వంకర లేకుండా అంటించింది నేనే. అయినా పడవ మీద ఆ రేకుల ముక్కను ఒక చెంబెడు నీళ్లతో తడిపి, అంత పెద్ద సముద్రం కడగకపోతుందా అనుకుని బిగించేశాను.

మా పడవ తాండేల్, అంటే నడిపే పెద్దమనిషి, ఒడ్డు వెంబడి ఉన్న మత్స్యకారుల ఊరివాడు. మాకు పని ఉన్న రోజుల్లో పడవ అద్దెకిచ్చేవాడు. మిగతా రోజుల్లో ఆయనా తమ్ముళ్లూ ఆ ఇసుక కప్పిన చోటికి చుట్టుపక్కలే వలలు వేసేవాళ్లు. ఆ ఇల్లు నడిచేది ఆ నీళ్ల మీదే. నేను పడవ ఎక్కగానే ఆయన ఒక నిమ్మకాయ కోసి నా చేతిలో పెట్టేవాడు, వాసన చూస్తూ ఉండమని. ఆ రోజు నిమ్మకాయ పని చేయలేదు. ఒడ్డు కనబడుతుండగానే పడవ అంచు పట్టుకుని పొద్దున తిన్న పోహా మొత్తం అరేబియా సముద్రానికి సమర్పించాను. ఆ ట్రిప్పుకు నేనే ఇన్‌ఛార్జిని. మొదటిసారి. దిక్కులు తెలియని కళ్లతో, గడ్డం తుడుచుకుంటూ, నేను ఆజ్ఞలు జారీ చేశాను.

మా సముద్రంలో పోటు వచ్చినా పాటు వచ్చినా నీళ్లు పరుగెత్తుతాయి. ఆ రెండింటి మధ్య కాసేపు నీరు నిలబడినప్పుడే గొట్టం నిటారుగా దిగుతుంది. అలా దింపి, పైకి తీశాం. కింద నల్ల బురద, దాని మీద లేత ఇసుక, మధ్యలో స్పష్టమైన గీత. అంతా ఉండాల్సినట్టే ఉంది. కానీ ఇసుక మీద, గొట్టం గోడను ఆనుకుని, పైనుంచి కిందికి జారినట్టు ఎర్రటి చార.

నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు. సంబరం వేసింది. రంగు బయటికి వచ్చేసింది, కప్పిన ఇసుక ఓడిపోయింది, దాన్ని కనిపెట్టింది నేను. పేపర్లో ఫోటో ఏ చొక్కాతో బావుంటుందో కూడా ఒక ఆలోచన తిరిగిపోయింది. రెండో గొట్టం తీశాం. చార ఉంది, కాస్త పల్చగా. మూడో దాంట్లో లేదు. లీకు కొన్నిచోట్లే ఉందన్నమాట అని తీర్మానించాను. ఫోటోలు తీసి, మా మేడంకు పంపాను. ఆవిడ గుజరాతీ మనిషి, ల్యాబు యజమాని, తక్కువ మాట్లాడుతుంది. "జాగ్రత్తగా తీసుకురా" అని మాత్రం జవాబిచ్చింది.

తాండేల్ గొట్టాన్ని చూసి, హిందీలో, ఇది మంచిదా చెడ్డదా అని అడిగాడు.

"చెడ్డదే" అన్నాను, డాక్టరులా గొంతు తగ్గించి. "ఇక్కడ చేపలు పట్టడం ఆపేయాల్సి రావచ్చు. మొత్తం మళ్లీ పరీక్షించేదాకా."

"ఎంతకాలం?"

"ఈ సీజను పోతుందనుకోవాలి."

ఆయన ఇంజను వైపు తిరిగిపోయాడు. కొంతసేపటికి, తనకు తానే చెప్పుకున్నట్టు, వానాకాలమంతా కూర్చుని వలలు అల్లుకున్నాం అన్నాడు. ఒడ్డున దిగేటప్పుడు మిగిలిన నిమ్మచెక్క నా చేతిలో పెట్టాడు. అప్పుడు మొదటిసారి నా సంబరం కొంచెం సిగ్గుపడింది. కొంచెమే.

ల్యాబులో ఆ ఎరుపును వేరు చేసి చూశారు. బట్టల అద్దకంలో వాడే రంగే. ఇక సందేహం లేదు. సోమవారం పై అధికారులకు ఉత్తరం వెళుతుందని మేడం చెప్పింది. గొట్టంలో ఎంత లోతున ఎంత రంగుందో ఒక బొమ్మ గీయమని నాకు పురమాయించింది. గీశాను. గీశాక ఒక చిక్కు కనిపించింది. ఎరుపు అన్నిటికంటే పైన ముదురుగా ఉంది, కిందికి వెళ్లేకొద్దీ తగ్గింది. బురదను ఆనుకున్న చోట అసలు లేదు. కింది నుంచి వచ్చే రంగు కింద లేకుండా పైన ఎలా ఉంటుంది?

ఎవరైనా బుర్ర ఉన్నవాడు అక్కడ ఆగి తలగోక్కుంటాడు. నేను ఒక సిద్ధాంతం కనిపెట్టాను. రంగు తేలిక, కాబట్టి పాల మీద మీగడలా పైకి చేరిందని వివరిస్తూ రెండు పేజీలు రాశాను. మీగడ అన్న మాట ఇంగ్లీషులో బాగా కుదిరిందని సంతోషించాను కూడా.

ఆ రెండు పేజీలూ బ్యాగులో పెట్టుకుని శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చాను. అమ్మ గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెడుతోంది. నేను లోపలికి అడుగు పెట్టలేక బయటే నిలబడ్డాను. అమ్మ వేలిని కుంకుమలో ఒకసారి ముంచింది. మొదటి బొట్టు ముదురుగా పడింది. పక్కది కొంచెం లేతగా. మూడోది ఇంకా లేతగా. నాలుగోది గులాబీ నీడలా. మళ్లీ ముంచింది. మళ్లీ ముదురు, లేత, ఇంకా లేత.

నేను గీసిన బొమ్మ గుర్తొచ్చింది. గొట్టం ఇసుకలో దిగేటప్పుడు రేకుల ముక్కకు ముందు తగిలేది పైపొర. ఆ పైపొర ముదురు బొట్టును తుడుచుకుని లోపలికి పోయింది. దాని వెనక వచ్చిన పొరకు మిగిలింది అంటింది. అలా అలా అడుగుకు వచ్చేసరికి అయిపోయింది. అదే ముక్క బిగించిన రెండో గొట్టానికి అరకొర, మూడోదానికి ఏమీ లేదు. కప్పిన ఇసుకకు ఏమీ కాలేదు. మా అమ్మ చెప్పినట్టే బొట్టు పని మీద పోయింది, అంతే.

"ఏంది, గడప మీద దయ్యం గిట్ల కనవడ్డదా?" అంది అమ్మ.

"అమ్మా, ఆ కుంకుమ పొట్లం నాకియ్యి" అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే బావుంటుంది గానీ పట్టింది. పడవలో పోయిన ఓపిక ఇంకా తిరిగి రాలేదు. పొద్దున మాత్రం బస్సులో నిలబడి మేడంతో ఎలా చెప్పాలో సాధన చేశాను. చెప్పకపోతే తాండేల్ ఇంటి సీజను పోతుంది. చెబితే నా పరువు పోతుంది. రెండూ తూకం వేసి చూసుకున్నాను. పరువు వైపు తక్కెడ దిగనే లేదు, అందులో పెట్టడానికి పెద్దగా ఏమీ లేకపోయింది.

"మేడం, నమూనాలో పూజాద్రవ్యం కలిసే అవకాశం ఉంది" అన్నాను హిందీలో, వీలైనంత శాస్త్రీయంగా.

"ఏ ద్రవ్యం?"

"కుంకుమ."

"సముద్రం అడుగున?"

"మా మమ్మీ పెట్టింది."

ల్యాబులో అందరూ తలలెత్తారు. మేడం మాత్రం నవ్వలేదు. గోడ మీద నేను అంటించిన నిబంధన వైపు ఒకసారి చూసింది, నా వైపు ఒకసారి చూసింది, "కుంకుమ తెచ్చావా?" అని చెయ్యి చాపింది. ఉత్తరం ఆపేసింది. వారం తిరక్కముందే మళ్లీ పడవ కట్టించింది. ఈసారి రేకుల ముక్కను ఆవిడే కళ్ల ముందు మూడు రకాలుగా కడిగించింది.

మళ్లీ దింపాం. గొట్టం పైకి వస్తుంటే తాండేల్ ఇంజను వదిలి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. లేత ఇసుక, నల్ల బురద, మధ్యలో గీత. ఎక్కడా ఎరుపు లేదు. ఇంకోటి, ఇంకోటి. లేదు. నేను విషయమంతా చెప్పేశాను, అమ్మనూ దసరానూ కలిపి. ఆయన కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఊపిరి తిప్పుకున్నాక, "వచ్చే దసరాకు ఈ ఇనుమును అమ్మ దగ్గరికి తీసుకుపోకు, అమ్మను పడవ దగ్గరికి తీసుకురా. బొట్టు పెట్టడానికి కావలసినంత ఇంజను ఉంది" అన్నాడు. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే పడవ అంచుకు పరుగెత్తాను, ఎందుకంటే మధ్యాహ్నం తిన్నది పైకి వస్తోంది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు మేడం నన్ను పిలిచి ఒక కాగితం ముందు పెట్టింది. కుంకుమ పరీక్ష. అందులో పసుపూ లేదు, సున్నమూ లేదు. పిండిలో కలిపిన అద్దకం రంగు. ఆ నల్ల బురదలో ఏ జాతి రంగులు ఉన్నాయని ఇసుక కప్పి, మమ్మల్ని ఏటా కాపలా పెట్టారో, ఆ జాతిదే.

"ఇది మీ మమ్మీ నొసట పెట్టుకుంటుందా?" అని అడిగింది.

"రోజూ" అన్నాను. నా మీద నేను వేసుకునే జోకులు ఆ పూట ఒక్కటీ రాలేదు.

ఇంటికి వెళ్లి కాగితం సంగతి చెప్పాను. బాపు విని, "బట్టలకద్దే రంగా?" అని రెండుసార్లు అడిగాడు. చెవుడు వల్ల కాదు. అమ్మ వంటింట్లోకి పోయి, కొబ్బరినూనె వేలితో తీసుకుని, కొంగుతో బొట్టు తుడుచుకుని వచ్చింది. ట్యూబులైటు కింద స్టూలు మీద కూర్చుని, చూడమని మొహం పైకెత్తింది.

నేను అమ్మ గడ్డం పట్టుకుని చూశాను. బొట్టు ఉన్నంత మేరా చర్మం బురద రంగుకు తిరిగిపోయింది. అంచుల్లో పొట్టు రేగి, గోకిన చోట సన్నగా చిట్లి ఉంది. ఏటా పడవెక్కి, కక్కుకుంటూ, సముద్రం అడుగున ఏ రంగు పైకి వస్తుందో అని గొట్టాల్లోకి తొంగిచూసేవాణ్ణి. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం పెట్టిన మొహాన్ని ఇంత దగ్గరగా చూడటం నాకు గుర్తు లేదు. నాకు ఏడుపు వచ్చింది.

"ఎన్నొద్దుల సంది ఇట్లున్నది అమ్మా?" అన్నాను.

"నీకు జెప్పిన గద బిడ్డా" అంది అమ్మ, నొసలు కదలకుండా. "నువ్వు మజ్జిగ తాగుమన్నవ్. తాగుతనే ఉన్న."